'ఒబలువాయే'ని తెలుగులో ఏమనాలి?

నిన్న ఇక్కడొకరు అడిగిన ప్రశ్న రాత్రంతా నన్ను వదల్లేదు. బ్రెజిల్ కళ మీద వ్యాసం తెలుగు చేస్తూ 'ఒబలువాయే' అనే దేవుడి పేరు దగ్గర ఆగిపోయారట. 'మశూచి దేవుడు' అని రాస్తే సరిపోతుందా అన్నారు. సరిపోదండీ. ఆయన మశూచికి దేవుడే, కాదనను. కానీ ఆ మాట నోట రాకూడదనే కదా ఈ పేరు పెట్టుకున్నది!

పశ్చిమ ఆఫ్రికాలోని యొరుబా జాతి వాళ్ళలో ఈ దేవుడి అసలు పేరు షొపొనా. పైకి అంటే ఆయన ఇంటికొస్తాడని భయం. అందుకని 'లోకానికి ఏలిక' అనే అర్థంలో ఒబలువాయే అన్నారు. ఇప్పటి నైజీరియా, బెనిన్ ప్రాంతాల నుంచి బానిసలుగా పట్టుకుపోయిన జనంతో పాటు ఈ పేరు సముద్రం దాటి బ్రెజిల్‌లో బయీయా రాష్ట్రానికి చేరింది. క్యూబాలో ఆయనే 'బాబలు అయే'. యొరుబాలో 'బాబా' అంటే నాన్న. బయీయాలో ఇంకా దగ్గరితనంతో 'ఓ వెల్యో' అంటారు, అంటే పెద్దాయన. ఆయన వచ్చినప్పుడు చేసే జేజే కూడా 'అటొటో!' అనే. నిశ్శబ్దంగా ఉండమని దానర్థం.

మా నాయనమ్మ 'మశూచి' అనగా నేనెప్పుడూ వినలేదు. ఫలానావాళ్ళకి 'అమ్మవారు పోసింది' అనేది, అదీ గొంతు తగ్గించి. గుమ్మానికి వేపమండలు కట్టిన ఇంటి ముందు నుంచి వెళ్తే గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు. పామును పురుగనీ, బియ్యం అయిపోతే నిండుకున్నాయనీ, దీపం ఆరితే కొండెక్కిందనీ అనే భాష మనది. ఒబలువాయేని మనకంటే బాగా ఎవరు అర్థం చేసుకుంటారు?

ఇంకొకటి చూడండి. ఈయనకు నైవేద్యం పేలాలు. మొక్కజొన్న గింజల్ని వేడి ఇసుకలో వేయిస్తారు, అచ్చం మన దగ్గరలాగే. ఒళ్ళంతా పుండ్లతో, వాటిని కప్పుకోవడానికి నార ముసుగు వేసుకుని ఆయన ఒక పండగలో ఓ మూల నిలబడ్డాడట. గాలిదేవత ఇయన్సా వచ్చి విసురుగా ఊదితే ముసుగు లేచి, ఆ పుండ్లన్నీ తెల్లటి పేలాలై రాలాయట. అందుకే వాటిని 'పెద్దాయన పువ్వులు' అంటారు. ఇప్పుడు మన క్రియలు తీసుకోండి. గింజ పేలుతుంది, చెమటకాయలూ పేలుతాయి. చెట్టు పూస్తుంది, నోరూ పూస్తుంది. వాళ్ళు కథగా చెప్పుకున్నది మన భాషలో క్రియగా ఉంది. ఇది తట్టినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ఆ వ్యాసంలో వచ్చే శిల్పి మెస్త్రి దీదీ (1917–2013). బయీయా రాజధాని సాల్వదోర్‌లో పుట్టాడు, తల్లి అక్కడి కాందొంబ్లే (ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ దేవుళ్ళని కొలిచే మతం) గుడికి పెద్ద పూజారిణి. ఈ దేవుడి చేతిలో ఉండే 'షషరా'ని గుడి కోసం తన చేత్తో కట్టినవాడు. ఫొటోలో దగ్గరగా చూస్తే ఏముంది, ఈనెపుల్లల కట్ట! తాటిజాతి ఆకుల ఈనెల్ని గుత్తిగా చేర్చి, తోలు పట్టీలతో బిగించి, గవ్వలూ పూసలూ కుట్టారు. జబ్బును ఊడ్చేసే చీపురు అది. అవే ఈనెలతో, గవ్వలతో దీదీ చేసిన శిల్పాలు 1989లో పారిస్‌లో పెద్ద ప్రదర్శనకు వెళ్ళాయి. కాబట్టి షషరాని 'రాజదండం' అని అనువదించకండి, దయచేసి. ఈనె అనే మాట పోతే ఆ వస్తువే పోతుంది.

అన్నట్టు 'మెస్త్రి' ఆయన పేరు కాదు, గురువు, పనితనం తెలిసినవాడు అని గౌరవం. మన మేస్త్రి కూడా పోర్చుగీసు వాళ్ళ ఆ మాట నుంచి వచ్చిందే.

ఆ ప్రశ్నకు జవాబుగా ఒకరు ఒబలువాయేని 'భూపతి' అనొచ్చు కదా అన్నారు. అర్థం దగ్గరిదే గానీ, వినగానే కిరీటం పెట్టుకున్న రాజు కనిపిస్తాడు. ముసుగులో ఉన్న దేవుడు కనిపించడు. 'అమ్మవారు' అనీ మార్చేయొద్దు. ఆవిడ మన ఊరి దేవత, ఈయన వాళ్ళ దేవుడు. నేనైతే ఇలా రాస్తాను: 'ఒబలువాయే, బయీయా జనం పెద్దాయన అని పిలుచుకునే దేవుడు. మనం అమ్మవారు పోసింది అనే జబ్బు ఆయన చేతిలోది.' ఆ తర్వాత వ్యాసమంతా పెద్దాయన అంటే చాలు.

మీ వైపు ఆ జబ్బుకి, ఆ దేవతకి ఏ పేర్లున్నాయో రాయండి. ముఖ్యంగా పెద్దవాళ్ళు గొంతు తగ్గించి అనేవి.