పార్టీల (క్లయింట్ల) రికార్డులు క్లౌడ్‌లోనా, మన దగ్గరేనా? ఒక్కరే ప్రాక్టీస్ చేసేవాళ్లు చెప్పండి

బెజవాడ_ట్యాక్స్:
జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పని సొంతంగా చేసుకుంటాను. పార్టీల పాన్, ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) డేటా అన్నీ ఆఫీసు కంప్యూటర్లోనే ఉంటాయి. క్లౌడ్‌లో ఏదీ పెట్టను. కిరాణా కొట్టాయన నన్ను నమ్మి కాగితాలిచ్చాడు, ఆయనకు చెప్పకుండా వాటిని ఇంకెవరి సర్వర్లోనో ఎలా పెడతాను? ఒక్క మెయిల్ పాస్‌వర్డ్ బయటికి పోతే పార్టీలందరి గుట్టూ ఒకేసారి పోతుంది. మీరేమంటారు?

ఓరుగల్లు_అకౌంట్స్:
నేను ఒప్పుకోనండీ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన సంగతి మీ ఊరివాళ్లకు నేను చెప్పాలా? నీళ్లు రోజుల తరబడి తగ్గలేదు. సీపీయూ, ఫైళ్లు, బ్యాకప్ డిస్కు అన్నీ ఒకే గదిలో ఉంటే ఏం మిగులుతుంది? జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. చట్టం ప్రకారం ఆ బాధ్యత పార్టీదే. కానీ నోటీసు రాగానే పార్టీ పరిగెత్తుకొచ్చేది మన దగ్గరికే కదా.

బెజవాడ_ట్యాక్స్:
వరద భయానికి ఇంకో ఊళ్లో ఇంకో కాపీ ఉంటే చాలు, దానికి క్లౌడే అక్కర్లేదు. నా దగ్గర రెండు బయటి డిస్కులున్నాయి, రెంటినీ డిస్కుకు పాస్‌వర్డ్ తాళం వేసే సాఫ్ట్‌వేర్ వెరాక్రిప్ట్‌తో లాక్ చేశాను. ఒకటి ఆఫీసులో, ఒకటి నూజివీడులో మా అన్నయ్య ఇంట్లో, మేడ మీద. వెళ్లినప్పుడల్లా మార్చుకుంటాను. కాపీ అవ్వగానే కేబుల్ పీకేస్తాను. ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్) వస్తే కంప్యూటర్‌కు తగిలించి ఉన్న డిస్కును కూడా వదలదు.

కౌన్సెలర్_హైదరాబాద్:
నాది వేరే వృత్తి. మానసిక సమస్యలతో వచ్చేవాళ్ల నోట్స్ కాగితం మీదే రాస్తాను, పేరుకు బదులు నంబరు వేస్తాను. ఏ నంబరు ఎవరిదో రాసిన పుస్తకం వేరే బీరువాలో ఉంటుంది. 2023 నాటి డేటా రక్షణ చట్టం డిజిటల్ సమాచారానికే వర్తిస్తుంది, స్కాన్ చేస్తే కాగితం కూడా దాని కిందికి వస్తుంది. అందుకే స్కాన్ జోలికి పోను. చట్టం సంగతి ఎలా ఉన్నా, ఒకామె తన కాపురం గురించి చెప్పుకున్న మాటలు కంప్యూటర్లో ఉండటం నాకు ఇష్టం లేదు.
బెజవాడ గారూ, ఒక్క ప్రశ్న. రేపు మీరు ఆసుపత్రిలో పడితే ఆ డిస్కులు తెరిచేదెవరు?

బెజవాడ_ట్యాక్స్:
మంచి ప్రశ్న అడిగారమ్మా. పాస్‌వర్డ్ సీల్డ్ కవర్లో పెట్టి మా ఆవిడకిచ్చాను. పార్టీలకు డేటా అప్పగించడానికి ఇంకో ప్రాక్టీషనర్‌తో మాట్లాడి ఉంచాను.

గుంటూరు_రిటర్న్స్:
అన్నా, ముందు మీ ఫోన్ చూసుకోండి. పార్టీ ఆధార్ కాపీ మీ కంప్యూటర్‌కు ఎలా వస్తోంది? వాట్సాప్‌లోనే కదా! అది గ్యాలరీలో పడుతుంది. ఫొటోల బ్యాకప్ ఆన్‌లో ఉంటే అక్కడి నుంచి గూగుల్‌కు పోతుంది. చాట్ బ్యాకప్ పెట్టుకుంటే అదీ డ్రైవ్‌లోకే. మీరు ఆఫ్‌లైన్ అనుకుంటున్నదంతా ముందే పైకి వెళ్లి కూర్చుంటోంది. పోర్టల్ పాస్‌వర్డ్లన్నీ ఎక్సెల్ షీట్లో రాసుకుని డెస్క్‌టాప్ మీద పెట్టుకునేవాళ్లను ఎంతమందిని చూశానో. అది ఆన్‌లైన్ కాదు కదా అని ధీమా!

బెజవాడ_ట్యాక్స్:
తమ్ముడూ, నువ్వన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఆఫీసు ఫోన్ వేరు, అందులో ఆ బ్యాకప్‌లు రెండూ ఆఫ్. గ్యాలరీకి ఫొటోలు రాకుండా సెట్టింగ్ మార్చాను. కంప్యూటర్లో వేసుకోగానే చాట్‌లోంచి తీసేస్తాను. పాస్‌వర్డ్లకు కీపాస్ (పాస్‌వర్డ్లు దాచే సాఫ్ట్‌వేర్) వాడతాను, ఎక్సెల్ కాదు. కానీ పార్టీ ఫోన్లో ఉన్నదాన్ని నేనేం చేయలేను. కుదిరినవాళ్లను పెన్ డ్రైవ్ తెమ్మంటాను.

ఓరుగల్లు_అకౌంట్స్:
ఇంత జాగ్రత్త మీరు పడతారు, పదిమందిలో తొమ్మిది మంది పడరు. వాళ్లకు రెండంచెల లాగిన్ పెట్టుకున్న క్లౌడే నయం. సమాచారం ఎక్కడ పెట్టినా రక్షణ బాధ్యత మనదే, లోపం ఉంటే జరిమానా 250 కోట్ల దాకా వేయొచ్చని ఆ డేటా రక్షణ చట్టంలోనే ఉంది. ఇంకో మాట. నూజివీడు డిస్కులోంచి ఎప్పుడైనా డేటా వెనక్కి తీసి చూశారా? ఒక పార్టీది 2021-22 టాలీ డేటా వేరే కంప్యూటర్లో రీస్టోర్ చేసి, లెడ్జర్ తెరుచుకుందని చెప్పండి. అప్పుడు మీ పద్ధతి ఒప్పుకుంటాను.

బెజవాడ_ట్యాక్స్:
ఆఫీసు డిస్కుతో చేశాను, నూజివీడు దానితో చేయలేదు. ఆదివారం అక్కడికే వెళ్తున్నాను. అన్నయ్యగారబ్బాయి ల్యాప్‌టాప్‌లో రీస్టోర్ చేసి, వచ్చినా రాకపోయినా ఇక్కడే రాస్తాను.