ఈ వారం సమస్య: ‘చిన్నతెర ముందు పెద్దది చిన్నబోయె’

చిక్కడపల్లి మాస్టారు:
మిత్రులందరికీ నమస్కారం. పైన ఉన్నది తేటగీతి నాలుగో పాదం, మిగతా మూడూ మీరు పూరించాలి. హాలుకెళ్ళి సినిమా చూడటమా, ఇంట్లో ఓటీటీలో చూడటమా అని మొన్న గానసభలో అవధానం అయ్యాక బయట టీ తాగుతూ మొదలైన వాదన ఇది, ఎవరూ తగ్గలేదు, అందుకే పద్యంలోకి లాక్కొచ్చా. త్యాగరాయ గానసభ నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కి నడిచిపోయే దూరమే కదా, సాయంత్రం పద్యాలు విని అటునుంచి అటే సెకండ్ షోకి పోయినవాళ్ళం మేము, మాకు ఆ రెండూ వేరు వేరు లోకాలు కావు.

కొత్తవాళ్ళకి ఒక మాట. గణమంటే గురువులూ (సాగే అక్షరాలు) లఘువులూ (పొట్టి అక్షరాలు) కలిసిన గుంపు. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి, నాలుగో గణం మొదటి అక్షరానికి కుదరాలి, ప్రాస నియమం లేదు. ఇంగ్లీషు మాటలు వాడుకోండి, గణంలో ఇమిడితే చాలు. హీరోల పేర్లు మాత్రం వద్దు, ఫ్యాన్స్ గొడవలోకి దిగితే పద్యం పక్కకి పోతుంది.

కూకట్‌పల్లి బావ:
నాది మొదటిది మాస్టారూ.

పాపుకార్నుకు పెట్టిన పైకమెంత!
బండి నిలుపుట కెంతయో బాధపడితి
ఇంట సోఫాన వాలిన నెంత హాయి!
చిన్నతెర ముందు పెద్దది చిన్నబోయె.

నారాయణగూడ లెక్చరర్:
బావగారూ, ధార బాగుంది, ‘పాపుకార్నుకు పెట్టిన పైకమెంత’ అన్న పాదం ఒక్కసారి చదివితే నోటికొచ్చేస్తుంది, పా-పై యతి కూడా చక్కగా పడింది. ఇంకో సంగతి, మీరు టికెట్ జోలికి పోకుండా పాప్‌కార్న్‌ని పట్టుకున్నారు చూడండి, అది సరైన చూపు. 2021 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవోలో మామూలు సీట్లకి ఏసీ సింగిల్ స్క్రీన్‌కి 150, మల్టీప్లెక్స్‌కి 250 అని పైహద్దు పెట్టారు, జీఎస్టీ వేరే అనుకోండి, పెద్ద సినిమాలకి పెంచుకోమని మళ్ళీ విడిగా అనుమతులు ఇస్తూ వచ్చారు అదీ వేరే, కానీ లోపల తినేదానికి ఆ జీవోలో హద్దేమీ లేదు, నలుగురున్న ఇంట్లో జేబుకి చిల్లు పడేది అక్కడే. అయితే సమస్యాపూరణంగా చూస్తే మాత్రం మీరు ఉన్న అర్థాన్నే ఒప్పుకుని సర్దేశారు. సమస్య ఇచ్చేది మెలిక పెట్టడానికి కదా, మీ పద్యంలో ఆ మెలిక విప్పిన సుఖం లేదు.

ఈలపాట ఉప్పల్:
నేనైతే ఒప్పుకోను, హాలుని చిన్నబుచ్చితే ఊరుకోను.

ఈల వేయరు పేపర్ల నెగరనీరు
పక్కవాడి నవ్వుకు నవ్వు పంచుకోరు
ఎట్టులందువు నేస్తమా యింటఁ జేరి
‘చిన్నతెర ముందు పెద్దది చిన్నబోయె’?

చిక్కడపల్లి మాస్టారు:
‘పక్కవాడి నవ్వుకు నవ్వు పంచుకోరు’. ఈ పాదం కోసం ఈ సమస్య ఇచ్చినందుకు సంతోషంగా ఉంది. హాలు ఎందుకు బతకాలో చెప్పమంటే నేనూ ఇదే చెప్తా. ముక్కూమొహం తెలియని వెయ్యిమంది ఒకే సెకన్లో నవ్వుతారు, టైటిల్ కార్డు పడగానే బాల్కనీ నుంచి నేల దాకా ఒకటే గోల, మన ఒళ్ళో ఎవరో చల్లిన పేపర్ ముక్కలు పడతాయి, అది సౌండ్ సిస్టమ్ కొనుక్కుంటే ఇంటికి రాదు. కామెడీ సినిమా ఇంట్లో ఒక్కడివే చూస్తే పెదాల మీద చిన్న నవ్వు వస్తుంది, అదే సీనుకి హాల్లో పడీపడీ నవ్వుతావు, సీను మారలేదు కదా.

పద్యం సంగతి కొస్తే, ‘ఎట్టులందువు’ అనేది అవధానాల్లో బాగా నలిగిన దారి. ఎంత కష్టమైన సమస్యనైనా ‘ఎవరన్నారు’, ‘అనుట తప్పు’ అని తోసెయ్యొచ్చు, సమస్య ఇచ్చిన పృచ్ఛకుడు నవ్వి ఊరుకుంటాడు. తప్పని అనను, కానీ రెండో పాదం రాసినవాడు ఇంకాస్త దూరం పోగలడు.

మౌలాలి తమ్ముడు:
అన్నలకు దండాలు, నేను పద్యం రాసుడు కొత్త, తప్పులుంటె చెప్పుండ్రి.

టికెట్లు దొరకక నేను టీవీ పెట్టిన
అమ్మ చేసిన సర్వప్ప తింటూ చూసిన
నడుమ నిద్దుర వచ్చిన నష్టమేమి
చిన్నతెర ముందు పెద్దది చిన్నబోయె

నారాయణగూడ లెక్చరర్:
తమ్ముడూ, మూడో పాదం ఒక్క అక్షరం కదపక్కర్లేదు, గణాలూ యతీ రెండూ సరిగ్గా కుదిరాయి, నీకు చెవి ఉంది. మొదటి పాదంలో ‘టికెట్లు’ అన్నప్పుడు లఘువు తర్వాత వెంటనే గురువు వచ్చింది, సూర్యగణం అంటే మూడు లఘువులన్నా ఉండాలి, గురువు తర్వాత లఘువన్నా ఉండాలి, కాబట్టి మొదటి అడుగులోనే కాలు జారింది. రెండో పాదంలో మూడు గణాల దాకా బాగానే నడిచి ‘తింటూ’ దగ్గర రెండు గురువులు పడ్డాయి, పైగా అ-కి తిం-కి యతి కుదరదు. నీ మాటలే ఉంచి ఇట్లా సర్దాను చూడు:

టిక్కెటొక్కటి దొరకక టీవి చూస్తి
అమ్మ కాల్చిన సర్వప్ప యారగించి
నడుమ నిద్దుర వచ్చిన నష్టమేమి?
చిన్నతెర ముందు పెద్దది చిన్నబోయె.

‘చూస్తి’ ఉంచాను, అది మీ ఇంటి మాట, దాన్ని ‘చూచితి’ చెయ్యాలని నాకు అనిపించలేదు.

మౌలాలి తమ్ముడు:
మస్తుగుందన్నా. టి-టీ యతి నాకు తట్టనే లేదు. ఒక్క ముచ్చట, 2022 ఆగస్టుల నిర్మాతలు షూటింగులు ఆపుకొని కూసొని మాట్లాడుకున్నప్పుడు 8 వారాలైనంకనే ఓటీటీ అన్నరు కదా, ఇప్పుడు శానా సినిమాలు నాలుగు వారాలకే ఇంట్లకొస్తున్నయి, ఇగ టికెట్ దొరకకపోతే మావోళ్ళు బాధ పడుతలేరు, నెల ఆగుదాం తియ్ అంటున్నరు. నాకైతే మొదటి రోజు దోస్తులతోని చూడకపోతే ఆ సినిమా చూసినట్టే ఉండదు.

యతిమైత్రి:
నేను 2020 తీసుకున్నా.

హాలు తలుపుల తాళమే యంటియుండ
దుమ్ము కుర్చీల మీదనే తూగుచుండఁ
గాలమంతయు నింటనే గడిచిపోయె
చిన్నతెర ముందు పెద్దది చిన్నబోయె.

చిక్కడపల్లి మాస్టారు:
ఇది సందర్భం కల్పించి సమాధానపరచడం, అసలైన పద్ధతి. ఓడిపోయి చిన్నబోలేదు, తాళం పడి చిన్నబోయింది. మార్చిలో మూసిన హాళ్ళు మళ్ళీ తెరిచేసరికి ఆ ఏడాది చివరికొచ్చేసింది, తెలుగు కోసమే పెట్టిన ఓటీటీ ‘ఆహా’ కూడా ఆ ఏడాదే వచ్చింది, ఇంట్లో కొత్త సినిమా చూసే అలవాటు మన జనానికి గట్టిగా పట్టింది అప్పుడే.

ఒక్క లోపం చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. తాళమే, మీదనే, ఇంటనే. మూడు పాదాల్లోనూ మూడో గణం ‘ఏ’తోనే ముగించారు, రగణం (గురువు, లఘువు, గురువు) నింపడానికి పెట్టినవని తెలిసిపోతోంది. రెండో పాదాన్ని ‘దుమ్ము కుర్చీల వరుసలఁ దూగుచుండ’ అంటే ఒక ‘ఏ’ పోతుంది, ఖాళీ హాలు వరసగా కళ్ళకి కడుతుంది, యతి దు-దూ అవుతుంది, ఇబ్బంది లేదు.

యతిమైత్రి:
వరుసల మాట చాలా బాగుంది మాస్టారూ, అదే ఉంచేస్తా. కాలమంతయు అన్నది కొంచెం అతిశయోక్తి, కానీ ఆ రోజుల్లో నిజంగా అట్లాగే అనిపించింది.

ఈలపాట ఉప్పల్:
మాస్టారు ఇంకాస్త దూరం పొమ్మన్నారు కదా, రాత్రంతా ఆలోచించి మళ్ళీ రాశా. ఈసారి పెద్దతెర అంటే హాలు కాదు.

గోడ నిండిన టీవిని కొన్న రోజు
నలుగురును జేరి చూచిరి నవ్వుకొనుచు
నేడు తలవంచి ఫోనులు నిమురుచుండ
చిన్నతెర ముందు పెద్దది చిన్నబోయె.

నారాయణగూడ లెక్చరర్:
ఆహా. మెలిక అంటే ఇది. అందరం హాలుకీ టీవీకీ మధ్య తన్నుకుంటుంటే మీరు టీవీనే పెద్దతెర చేసి ఫోన్‌ని తెచ్చి ముందు నిలబెట్టారు, సమస్యలో ఒక్క అక్షరం విరవకుండా అర్థం మొత్తం మారిపోయింది. ‘నిమురుచుండ’ అన్న క్రియ ఎంత బాగా దొరికిందో, వేలితో పైకీ కిందకీ అంటున్న ఆ చెయ్యి కనిపిస్తోంది. వ్యాకరణం దగ్గర ఒక సవరణ, ‘నిమురుచుండన్’ అని చివర ద్రుతం, అంటే దాగిన నకారం, ఉంది కాబట్టి తర్వాతి చకారం జకారం అవుతుంది, ‘నిమురుచుండఁ / జిన్నతెర’ అనాలి. సమస్య పాదం మారిందే అని భయపడకండి, చ-జ రెండూ ఒకే యతివర్గం.

మల్కాజ్‌గిరి అక్క:
అందరూ బాగా రాశారు, నేను మామూలుగా చదివి వెళ్ళిపోతుంటా, ఈసారి ఆగలేకపోయా. మా మామయ్యగారికి చెవులు పూర్తిగా పోయాయి, మిషన్ పెట్టినా మాటలు కలిసిపోతాయంటారు. సినిమా పిచ్చి మనిషి, ప్రసాద్స్ 2003లో తెరిచిన కొత్తలో మమ్మల్నందరినీ కారెక్కించి తీసుకెళ్ళిన మనిషి, హాలుకి రావడం మానేశారు. బొమ్మ కనిపిస్తుంది గానీ పక్కవాళ్ళు ఎందుకు నవ్వారో తెలియక మా మొహాలు చూస్తుంటే మాకు కూర్చోబుద్ధి అయ్యేది కాదు.

చెవుల వినలేని తాతకు సీను కింద
పలుకులన్నియు నక్షర పంక్తులయ్యె
కనులఁ జదివెను, నవ్వెను కడుపునిండ
చిన్నతెర ముందు పెద్దది చిన్నబోయె.

మా పిల్లలకి తాత కాబట్టి తాత అన్నాను.

ఈలపాట ఉప్పల్:
అక్కా, నేను పక్కవాడి నవ్వు అని అంత గొప్పగా రాశా, ఆ నవ్వు అందని మనిషి పక్కనే ఉంటాడని నాకు తట్టలేదు. ఈ పద్యానికి నా ఓటు.

చిక్కడపల్లి మాస్టారు:
అమ్మా, ఛందస్సులో వేలు పెట్టడానికి చోటు లేదు. చె-సీ యతి వేసిన తీరు చూడండి అందరూ, చకారానికి సకారం, ఎకారానికి ఈకారం, రెండూ సరిపోయాయి, ‘సీను’ అన్న ఇంగ్లీషు మాట అక్కడ దిగబడినట్టు లేదు, పుట్టినట్టుంది. ఒకటి అడుగుతా, ఆ అక్షరాలు తెలుగువేనా?

మల్కాజ్‌గిరి అక్క:
అన్నిటికీ తెలుగు ఉండదు మాస్టారూ, మన సినిమాకే చాలాసార్లు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ మాత్రమే ఇస్తారు. ఆయన పోస్టాఫీసులో చేసినవారు కాబట్టి ఇంగ్లీషు చదువుకుంటారు, మా అత్తయ్యగారి లాంటి వాళ్ళకి అదీ లేదు. తెలుగు మాటలు తెలుగు అక్షరాల్లో వేసిన సినిమా దొరికితే ఇద్దరూ కూర్చుంటారు, ఆవిడ విని చెప్పేలోపే ఈయన చదివి నవ్వేస్తారు.

నారాయణగూడ లెక్చరర్:
వినికిడి, చూపు సమస్య ఉన్నవాళ్ళకి హాళ్ళలో సినిమా అందేలా ఏమేం చెయ్యాలో కేంద్ర సమాచార ప్రసార శాఖ 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది, అందులో క్యాప్షన్లు కూడా ఉన్నాయి. మన క్రాస్‌రోడ్స్ హాళ్ళలో ఒక్క ఆటకైనా తెర కింద తెలుగు అక్షరాలు పడితే మీ మామయ్యగారిని నేనే వచ్చి తీసుకెళ్తానమ్మా.

చిక్కడపల్లి మాస్టారు:
ఈ వారం ఉత్తమ పూరణ అక్కగారిది. చమత్కారానికి రెండోది ఉప్పల్ వారి ఫోను పద్యం. మౌలాలి తమ్ముడు వచ్చే వారం కూడా రావాలి, గణాలు ఎవరి సాయమూ లేకుండా వేసుకుని రావాలి.

వచ్చే వారానికి ఆటవెలది నాలుగో పాదం, అయిదూ సూర్యగణాలే, యతి బొ-పూ: ‘బొమ్మ లేని హాలు పూర్ణమయ్యె’. ఫంక్షన్ హాల్ అయిపోయిన థియేటర్లు మన ఊళ్ళో ఉన్నాయి కదా అని అందరూ అటే పరిగెత్తకండి, ఇంకో దారి వెతకండి. ఆదివారం రాత్రి దాకా టైముంది.