పిట్టల గుంపుకు ముందుండేది ఏ పిట్ట?

ప్రశ్న – మక్తల్ నుంచి
యాసంగి జొన్న పాలు పోసుకునే కాలానికి మా చేను మీద గులాబీ గోరింకలు దిగుతయి. మా నాయిన మంచె మీదికెల్లి వడిసెల కొడితే గుంపంత ఒక్కపారే లేస్తది, రెండుగ చీలుతది, గాలిలనే మళ్ల కలుస్తది. ఒక్కటి ఇంకోదానికి తగలదు. మలిగినప్పుడల్ల ముందు కొసకు వేరే పిట్టలే ఉంటున్నయి. ఎవలు చెప్పకుంట ఇంతసేపు చెదరకుంట ఎట్ల ఉంటయి?

జవాబు – నల్లగొండ, ఫిజిక్స్ లెక్చరర్
ముందుండే పిట్టంటూ ఏదీ లేదు, మీరు చూసింది నిజమే. క్రెయిగ్ రెనాల్డ్స్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ నిపుణుడు 1987లోనే కంప్యూటర్ బొమ్మలతో చూపించాడు: పక్కదానికి గుద్దుకోవద్దు, పక్కవాటి దిక్కుకే మలగాలి, గుంపును విడవద్దు. ఈ మూడింటితోనే గుంపు దానంతటదే ఏర్పడుతుంది. రోమ్‌లో స్టార్లింగులనే పిట్టలను ఫొటోలు తీసి లెక్కగట్టినవాళ్లు 2008లో ఇంకో సంగతి తేల్చారు. ఒక్కో పిట్ట తనకు దగ్గరున్న ఆరేడింటినే గమనిస్తుంది, అవి ఎంత దూరంలో ఉన్నా సరే. డేగ వచ్చి గుంపు పలుచబడ్డా తెగిపోనిది అందుకే. మీ గోరింకలు వాటికి చుట్టాలే.

జవాబు – కల్వకుర్తి దిక్కు, గొర్లు కాస్తం
గొర్లు అట్ల కాదు సార్. మేసేటప్పుడు ఎటువి అటు ఉంటయి. ఒకటి తల లేపి కదిలితే మిగిలినయి వెనక వరుస కడ్తయి. కొంచెంసేపటికి ఇంకోటి ముందు పడ్తది. కుక్క కనవడ్డదంటే వరుస లేదు గిరుస లేదు, అన్ని నడిమిట్లకే తలలు జొనుపుతయి.
మా గట్టు మీద చెరువుకు దిగే బాట ఎవలు వేసింది కాదు. గడ్డి నలిగిన కాడ కాలు సులువుగ పడ్తది, వెనకొచ్చేది అక్కడనే తొక్కుతది. ఎండకాలం మందను నల్లమల దిక్కు తోలుకపోతం. వానలు పడ్డంక వచ్చేసరికి బాట సగం మూసుకపోయి ఉంటది. అయినా వారంల అదే జాగల తెర్సుకుంటది, నేల గట్టివడ్డది గదా, రాళ్లు పక్కకు జరిగినయి గదా. నాకైతే ఆ బాటను చూస్తే మస్తు సంబరమైతది.

లెక్చరర్
ముందుండే గొర్రె మారుతుందని చిన్న మందల మీద చేసిన పరిశోధన 2022లో నేచర్ ఫిజిక్స్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది, మీరు చెప్పినట్టే. తొవ్వ తెలిసినవి కొన్ని ఉంటే చాలు, గుంపు పెద్దదయ్యేకొద్దీ వాటి వంతు ఇంకా తక్కువ సరిపోతుందని జంతువుల గుంపుల మీద పరిశోధించే ఇయాన్ కౌజిన్ వాళ్లు 2005లో కంప్యూటర్ నమూనాతో చూపించారు. మీ మందల్లో మేకలను కలిపేది అందుకేనా? ఎన్ని ఉంచుతారు?

కల్వకుర్తి
వాగు కాడ గొర్రె మొరాయిస్తది, అందుకే మేకలు. లెక్క కాదు సార్, నీళ్లల్ల ముందుగాల దిగే మేక ఒక్కటుండాలె. అది లేకుంటే పది మేకలున్నా మందంత ఒడ్డు మీదనే ఆగుతది.