వసాబి ట్యూబు సరే, మన ఆవ ఏం పాపం చేసింది?

బరంపురం కోడలు:
మా మరిది బెంగళూరు నుంచి వస్తూ వసాబి ట్యూబు ఒకటి తెచ్చాడు. చిన్న టూత్‌పేస్టులా ఉంది, లోపల పచ్చటి ముద్ద, జపాన్‌వాళ్లు నంజుకునే ఘాటు పదార్థమట. మా మామయ్యగారికి 71 ఏళ్లు. ఈమధ్య మతిమరుపు వచ్చింది. తాళాలు ఎక్కడ పెట్టారో గుర్తుండడం లేదు, మొన్న పాలబ్బాయికి ఒకే నెల డబ్బులు రెండుసార్లు ఇచ్చేశారు. రోజూ వసాబి తింటే జ్ఞాపకశక్తి పెరుగుతుందని జపాన్‌లో తేల్చారట, మరిది రీల్ చూపించాడు. అత్తయ్య మూత తీసి వాసన చూసి, "ఇది మన ఆవే కదే, దీనికి మూడొందలా?" అన్నారు. అప్పటి నుంచి ఇంట్లో రెండు పార్టీలు. వసాబిలో నిజంగా అంత ఉందా, ఆవతో సరిపోతుందా? ఉంచుకుంటే దేంట్లో వాడాలి? మాకు సుషీలు (పచ్చి చేపతో చేసే జపాన్ అన్నం ముద్దలు) గట్రా చేసుకునే అలవాటు లేదు.

గోపాలపూర్ గాలి:
మీ అత్తయ్యగారిని తప్పు పట్టను గానీ అక్కా, అసలు వసాబి ఆవ కాదు. నేను హైదరాబాదులో ఒక హోటల్ కిచెన్లో నాలుగేళ్లు చేశాను. నిజమైన వసాబి దుంపను అక్కడ రెండే రెండుసార్లు చూశాను. జపాన్లో కొండవాగుల చల్లనీళ్లలో, ఇజు, అజుమినో వైపు పెంచుతారు. చేతికి రావడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పైనే పడుతుంది. దాన్ని సొరచేప చర్మం అతికించిన చెక్కమీద గుండ్రంగా తిప్పుతూ మెల్లగా అరగదీయాలి. అరగదీశాక పావుగంటలో తినెయ్యాలి, లేకపోతే ఘాటు ఎగిరిపోతుంది. ఘాటు వెనకే సన్నటి తీపి ఉంటుంది, అది ఆవలో రాదు. జపాన్‌వాళ్లు సుషీకే కాదు, చల్లటి సోబా నూడుల్స్‌కి, అన్నంలో వేడి టీ పోసుకుని తినే ఒచాజుకెకి కూడా కాస్త పెట్టుకుంటారు. ఆకులు, కాడలు ఊరవేస్తారు. మన ఇంట్లోనైతే ఉడికించిన బంగాళాదుంప మెదిపి, వెన్న వేసి, పప్పుగింజంత కలపండి. మయొనైజ్‌లో కలిపి చేప ఫ్రై పక్కన పెట్టండి. మా గోపాలపూర్ చేపకి భలే ఉంటుంది. ఇంకో మాట, వసాబి క్రిముల్ని చంపుతుంది కాబట్టి పచ్చి చేప కూడా ధైర్యంగా తినొచ్చు.

పర్లాకిమిడి పిన్ని:
బాబూ, నీ సొరచేప నీ దగ్గరే ఉంచు. మా అమ్మ పనసపొట్టు కూరలో ఆవ పెట్టిందంటే వీధి చివరికి తెలిసేది. గుప్పెడు చిన్న ఆవాలు, నాలుగు ఎండుమిరపకాయలు, కల్లుప్పు, చల్లటి నీళ్లు చిలకరించి రోట్లో నూరేది. మరీ ఎక్కువ నూరితే చేదెక్కుతుందని మధ్యలో వేలితో తీసి చూసేది. పొయ్యి ఆర్పి, కూర కాస్త చల్లారాక కలిపి మూత పెట్టేది. మూత తీసినవాడికి కళ్లల్లో నీళ్లు. అరటికాయ కూర, పులిహోర, పెరుగు పచ్చడి, దేనికి పెట్టలేదు ఆవ? ఇక్కడి ఒడియావాళ్లు చేపకి వేసే బెసర కూడా ఆవ ముద్దే కదా, వెల్లుల్లి, జీలకర్ర వేసి నూరతారు. పెద్దోళ్లు ఇంత తిని తొంభై ఏళ్లు బతికారు. ఆ జపాన్ మందులో ఉన్నవన్నీ మన ఆవలోనే ఉంటాయి.

గుణుపురం మాస్టారు:
ఇద్దరూ సగం సగం కరెక్టు. ముప్ఫై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పాను, ఇది నా సొంత సబ్జెక్టు, కాబట్టి కాస్త సాగదీస్తాను, ఓర్చుకోండి.

ఆవ, ముల్లంగి, క్యాబేజీ, హార్స్‌రాడిష్ అనే ఘాటు దుంప, వసాబి అన్నీ ఒకే కుటుంబం. గింజలోనో దుంపలోనో ఘాటు తయారుగా ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం ఒక గదిలో, మైరోసినేజ్ అనే ఎంజైమ్ పక్క గదిలో ఉంటాయి. నూరితేనో అరగదీస్తేనో గోడలు పగులుతాయి, నీళ్లు తగిలితే రెండూ కలుస్తాయి, అప్పుడు అల్లైల్ ఐసోథయోసయనేట్ పుడుతుంది. ముక్కులోకి దూసుకెళ్లేది అదే. గాల్లోకి తేలిగ్గా ఎగిరేది కాబట్టే కళ్లు మండుతాయి, కాబట్టే త్వరగా పోతుంది. మిరపకాయ మంట వేరు, అది నాలుక పట్టుకుని కూర్చుంటుంది. మన నరాల్లో ఈ రెండు మంటల్నీ పసిగట్టే గ్రాహకాలు కూడా వేరువేరు.

పిన్నిగారు పొయ్యి ఆర్పాక ఆవ కలపమన్నారే, అందులోనే సైన్సంతా ఉంది. వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది. పోపులో చిటపటలాడిన ఆవగింజ నమిలినా ముక్కు మండకపోవడానికి కారణం అదే. నమ్మకపోతే రెండు గిన్నెల్లో చెంచాడేసి ఆవపిండి తీసుకోండి. ఒకదాంట్లో చల్లటి నీళ్లు, ఒకదాంట్లో మరిగే నీళ్లు పోసి కలపండి. పది నిమిషాలు ఆగి వాసన చూడండి.

రాయగడ మందుల కొట్టు:
పిన్నిగారి చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. "అన్నీ ఆవలోనే ఉంటాయి" అన్నది నిజం కాదండీ. ఆ రీల్ వెనక ఉన్నది జపాన్‌లోని తొహొకు విశ్వవిద్యాలయం 2023లో బయటపెట్టిన అధ్యయనం. 60 నుంచి 80 ఏళ్ల మధ్య ఆరోగ్యంగా ఉన్న 72 మందిని తీసుకుని, సగం మందికి వసాబి సారంతో చేసిన మాత్ర, సగం మందికి ఉత్తి మాత్ర 12 వారాలు ఇచ్చారు. మాత్రలో ఉన్న అసలు పదార్థం 6-ఎంఎస్ఐటీసీ, రోజుకు 0.8 మిల్లీగ్రాములు. మాస్టారు చెప్పిన అల్లైల్ రకం కాదు ఇది, దాని చుట్టం. వసాబి ప్రత్యేకత అదే. కొన్ని రకాల జ్ఞాపకశక్తి పరీక్షల్లో మాత్ర వేసుకున్నవాళ్లకి మార్కులు పెరిగాయి. ఆలోచనా వేగంలోనూ, ఏకాగ్రతలోనూ తేడా కనపడలేదు. కాబట్టి ఆవ తింటే అదే ఫలితం వస్తుందని చెప్పడానికి లేదు.

అలాగని మీ మరిది గెలిచాడనీ కాదమ్మా. పరీక్షించింది మాత్రని, ట్యూబుని కాదు. 72 మందే, 12 వారాలే. పైగా ఆ పనికి కొంత డబ్బు ఇచ్చింది వసాబి అమ్ముకునే కంపెనీ. అన్నిటికంటే ముఖ్యం, వాళ్లంతా ఆరోగ్యవంతులు. ఒకే బాకీ రెండుసార్లు తీర్చే 71 ఏళ్ల మనిషికి ముందు చేయించాల్సింది బి12, థైరాయిడ్ పరీక్షలు. వాడే మందుల చీటీ కూడా డాక్టరుకి చూపించండి. మా కొట్టుకి మతిమరుపు టానిక్కు అడుగుతూ వచ్చేవాళ్లకి కూడా ఇదే చెప్తాను, వ్యాపారం పోతుందని మా అబ్బాయి తిడతాడు.

గోపాలపూర్ తమ్ముడూ, పచ్చి చేప మాట వెనక్కి తీసుకో. ఈ ఘాటు కొన్ని బ్యాక్టీరియాలని అణచగలదు, ల్యాబులో అది నిజమే. చేపలో ఉండే అనిసాకిస్ పురుగుల్ని మాత్రం మనం తినే మోతాదు వసాబి చంపదు.

గోపాలపూర్ గాలి:
తీసుకున్నానండీ. హోటల్లో మా హెడ్ చెఫ్ చెప్పిన మాట, నేను తిరిగి అడగలేదు. జలుబుకి మంచిదన్నది అయినా నిజమేనా? మాకైతే ముక్కు ఒక్కసారిగా తెరుచుకుంటుంది.

రాయగడ మందుల కొట్టు:
తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. కొలిచి చూస్తే లోపలి దారి పెరగలేదు సరికదా, కాస్త తగ్గింది.

పర్లాకిమిడి పిన్ని:
సరే, జ్ఞాపకశక్తి సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటాను. రుచి సంగతిలో మాత్రం తగ్గను. ఆవకాయ కలిపాక మూడో రోజు తిరగకలిపేటప్పుడు జాడీలోంచి వచ్చే ఆ ఘాటు ఏ ట్యూబులోంచి వస్తుందో చూపించండి.

గుణుపురం మాస్టారు:
ఆ ట్యూబులో కూడా మీ ఆవే ఉండొచ్చు పిన్నిగారూ! బయట వసాబి పేరుతో అమ్మేదాంట్లో ఎక్కువ భాగం హార్స్‌రాడిష్, ఆవ, పచ్చ రంగు. కోడలుగారు ట్యూబు వెనక్కి తిప్పి చదివితే తేలిపోతుంది. ఇంకొకటి చెప్పి ఊరుకుంటాను. ఈ ఘాటుతో నిద్రపోతున్న మనిషిని లేపొచ్చని, చెవులు వినపడనివాళ్ల కోసం వసాబి వాసన చిమ్మే ఫైర్ అలారం చేసిన జపాన్ బృందానికి 2011లో ఇగ్ నోబెల్ ఇచ్చారు. నవ్వించే బహుమతే గానీ పని మాత్రం నిజం.

రాయగడ మందుల కొట్టు:
నవ్వులాటకి చెంచాడు తినిపించే పని మాత్రం పెట్టుకోకండి. ఇజ్రాయెల్‌లో ఒక పెళ్లి విందులో అరవై ఏళ్ల ఆవిడ దీన్ని అవకాడో అనుకుని పెద్ద ముద్ద తినేసింది. ఛాతీలో నొప్పి మొదలై మర్నాడు ఆసుపత్రికి వెళ్తే, తీవ్రమైన ఒత్తిడికి గుండె కండరం తాత్కాలికంగా నీరసించే తకొత్సుబో అని తేలింది. 2019లో వైద్య పత్రికలో వచ్చింది. ఆవిడ కోలుకుంది. బఠాణీ గింజంత అయితే భయం లేదు. కడుపులో పుండు, ఎసిడిటీ ఉన్నవాళ్లు అది కూడా మానుకుంటే మంచిది.

బరంపురం కోడలు:
అందరికీ థాంక్స్. ట్యూబు వెనక అక్షరాలు చీమ తలకాయంత. ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసి అత్తయ్యకి చదివి వినిపించాను. మొదట హార్స్‌రాడిష్, తరవాత నీళ్లు, నూనె, ఉప్పు, ఆవ, రంగులు. వసాబి అన్న మాట ముందువైపు పేరులోనే ఉంది, వెనక ఎక్కడా లేదు. మరిది ముఖం చూడాలి!

మాస్టారి రెండు గిన్నెల పరీక్ష కూడా చేశాం. చల్లనీళ్ల గిన్నె దగ్గరకి ముఖం పెట్టిన మా చిన్నోడు ఇంట్లో రెండు చుట్లు పరిగెత్తాడు. వేడినీళ్లదాంట్లో ఏమీ లేదు, తడిసిన పిండి వాసన, కాస్త చేదు.

ఇవాళ మధ్యాహ్నం పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) చేశాం. కొనేశాం కదా అని, చిలికిన పెరుగులో దోసకాయ ముక్కలు వేసి ట్యూబులోంచి బఠాణీ గింజంత కలిపాను. మామయ్యగారు అన్నంలో నంజుకుని రెండు ముద్దలు తిన్నారు, కళ్లు తుడుచుకున్నారు. "ఆవ బాగా కుదిరిందమ్మా, మీ అత్తయ్య నూరిందా?" అన్నారు. అత్తయ్య మజ్జిగ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు. రక్తపరీక్షకి సోమవారం ఉదయం పరగడుపున తీసుకెళ్తున్నాం.