"పని ప్రమేయం"లో ఎవరి ప్రమేయం?

పోస్టు: పెద్దలకి ఒక సందేహం. కాంతి విద్యుత్ ఫలితం (కాంతి పడితే లోహంలోంచి ఎలక్ట్రాన్లు బయటికి రావడం) మీద ఒక తెలుగు వ్యాసం ప్రూఫ్ చూస్తున్నా, అడుగడుక్కీ "పని ప్రమేయం" అని తగులుతోంది, సోడియం పని ప్రమేయం ఇంత, జింకు పని ప్రమేయం అంత అని. నాకు తెలిసిన ప్రమేయాలు రెండే. "ఆ గొడవలో నా ప్రమేయం ఏం లేదు" అనేది ఒకటి, లెక్కల పుస్తకంలో సైన్ ప్రమేయం, కాస్ ప్రమేయం అనేది ఇంకోటి. ఇక్కడున్నది ఏది? అలాగే చివర్లో, కాంతి తరంగంలాగా, కణంలాగా కూడా ఉంటుందనే అర్థంలో "తరంగ-కణ ద్వంద్వ స్వభావం" అని ఉంది, దాన్ని ద్వైతం అని మార్చొచ్చా?

జవాబు: రెండూ కాదండీ. ఇంగ్లీషులో వర్క్ ఫంక్షన్ అంటారు, ఫంక్షన్ అని కనపడగానే లెక్కలవాళ్ల ప్రమేయాన్ని తెచ్చి అతికించేశారు, అంతకుమించి ఏం లేదు. అది ఒట్టి శక్తి, ఒక అంకె. లోహం లోపల ఎలక్ట్రాన్లు తిరుగుతూ ఉంటాయి గానీ ఉపరితలం దాటి బయటపడాలంటే కనీసం ఇంత శక్తి కావాలని ఒక్కో లోహానికి ఒక్కో లెక్క, సీజియంకి సుమారు 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు, సోడియంకి 2.3 దరిదాపుల్లో, జింకుకి 4.3. ఐన్‌స్టీన్ 1905 పేపర్లో ఈ ప్రమేయం గోలే లేదు, ఎలక్ట్రాన్ వస్తువుని వదిలి పోయేటప్పుడు చెయ్యాల్సిన పని అని తిన్నగా రాసి దానికి పి అనే అక్షరం పెట్టాడు. జర్మన్లో ఇప్పటికీ "బయటపడే పని" అనే అర్థమొచ్చే మాటే వాడతారు. మన దగ్గర అకాడమీ పుస్తకాల్లో పడిపోయింది కాబట్టి పిల్లలు పరీక్షలో పని ప్రమేయం అనే రాయాలి, మామూలు పాఠకుల వ్యాసం అయితే మాత్రం నేను "నిర్గమన పని" అని రాసి, మొదటిసారి వచ్చినచోట పక్కనే పాత మాట కూడా చెప్తాను.

ఇంకొకరు: నిర్గమన పని బాగుంది కానీ నిర్గమన శక్తి అంటే ఇంకా తేలిక కదా, పని అంటే జనం ఉద్యోగం అనుకుంటారు :) పైగా వోల్టులు అని చూసి అది కరెంటు వోల్టేజీ అనుకునేవాళ్లూ ఉన్నారు, ఎలక్ట్రాన్ వోల్టు శక్తికి కొలత అని ఒక ముక్క ఎక్కడో రాయమనండి.

జవాబు: శక్తి అన్నా నాకు అభ్యంతరం లేదండి. ఎటొచ్చీ బయటపడటం అనే సంగతి మాటలో ఉండాలి, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. జింకు పలక తీసుకుని బాగా రుద్ది మెరిసేలా చేసి, విద్యుద్దర్శిని (ఆవేశం ఉందో లేదో రేకులతో చూపించే పరికరం) మీద పెట్టి ఋణావేశం ఇస్తే కింద రేకులు విచ్చుకుని నిలబడతాయి. అతినీలలోహిత దీపం దాని మీదకి తిప్పండి, రేకులు మెల్లగా దగ్గరికి వాలిపోతాయి, ఆవేశం పోయిందన్నమాట. ఇప్పుడు మధ్యలో మామూలు గాజు పలక అడ్డం పెట్టండి, వాలడం ఆగిపోతుంది. దీపం వెలుగు కంటికి కనిపిస్తూనే ఉంటుంది, అయినా ఆగిపోతుంది! జింకుకి కావలసిన కిరణాలని గాజు మింగేస్తుంది కాబట్టి. పలకకి ధనావేశం ఇచ్చి చూస్తే అసలు రేకులు కదలవు. జింకు పలకతో ఇలాంటి ప్రయోగం హాల్‌వాక్స్ 1888లో చేశాడు, దానికి ముందు ఏడాదే హెర్ట్జ్ రేడియో తరంగాల కోసం స్పార్కులు వేస్తూ అతినీలలోహిత కాంతి పడితే స్పార్క్ తేలిగ్గా దూకుతోందని గమనించాడు. ఇక్కడ నాకు ఎప్పుడూ నవ్వొచ్చే సంగతి ఏంటంటే, కాంతి విద్యుదయస్కాంత తరంగమే అన్న సిద్ధాంతాన్ని ప్రయోగంతో ఖాయం చేసినాయన కూడా హెర్ట్జే, దాన్ని ఇబ్బందిలో పెట్టే మొదటి ఆధారం పట్టుకున్నదీ ఆయనే.

పోస్టు పెట్టినవారు: ఎర్ర దీపం పెద్దది పెడితే రాదా మరి?

జవాబు: రాదు, ఎంత పెద్దది పెట్టినా రాదు. 700 నానోమీటర్ల ఎరుపు కాంతిలో ఒక్కో ఫోటాన్ (కాంతి శక్తి పొట్లం) దగ్గర ఉండేది 1.8 ఎలక్ట్రాన్ వోల్టులకి కొంచెం తక్కువే, జింకు అడిగేది 4.3. రూపాయి బిళ్ళలు ఎన్ని పోసినా అయిదు రూపాయల బిళ్ళ మాత్రమే తీసుకునే మిషన్ కదలదు కదా, అలాగ. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ ఫోటాన్ శక్తి పెరుగుతుంది కాబట్టి జింకుకి 290 నానోమీటర్ల దగ్గరికి దిగాలి, సోడియంకి అయితే ఆకుపచ్చ కాంతి చాలు. అందుకే ఎలక్ట్రాన్లు రావడం మొదలయ్యే ఆ హద్దు దగ్గరి పౌనఃపున్యాన్ని ఆరంభ పౌనఃపున్యం అన్నారు, ఈ మాట బానే కుదిరింది, ముట్టుకోవద్దు.

ఇంకొకరు: సోలార్ పానెల్ కూడా ఇదే కదండీ, కాంతి విద్యుత్ అంటే అదే అనుకుంటా నేను.

జవాబు: చుట్టమే గానీ అదే కాదు. పానెల్లో ఎలక్ట్రాన్ పదార్థం వదిలి బయటికి ఎగిరిపోదు, లోపలే కట్టు తెంచుకుని తిరుగుతుంది. తెలుగులో కాంతి విద్యుత్ ఫలితం అనగానే ఇద్దరూ ఒకటైపోతున్నారు, అందుకే ఇందాక బయటపడటం అని అంత పట్టుబట్టింది.

ఇక ద్వైతం సంగతి. వద్దండీ. ఆ మాటకి వేదాంతంలో ఇప్పటికే ఒక సిద్ధాంతం ఉంది, మార్చిన మర్నాడే "మన వాళ్లు ఎప్పుడో చెప్పారు" అని కామెంట్లు మొదలవుతాయి, చెప్పింది వేరు ఇది వేరు. ద్వంద్వం అన్నా చిక్కు లేకపోలేదు, శీతోష్ణాలు, సుఖదుఃఖాలు అన్నట్టు ఒకదానికొకటి ఎదురు నిలిచే జంట అనిపిస్తుంది.

ఇంకొకరు: వ్యాకరణం వైపు నుంచి చూడండి సార్, ఉభయ పదార్థ ప్రధానం ద్వంద్వం అని బళ్లో నేర్చుకున్నాం, తల్లిదండ్రులు అంటే ఇద్దరూ సమానమే. తరంగం, కణం రెండూ సమానమే అంటే సరిపోయింది కదా.

జవాబు: సమానం అన్నంతవరకు సరిపోయింది. తేడా ఎక్కడంటే తల్లిదండ్రులు ఇద్దరు మనుషులు, ఇక్కడ ఉన్నది ఒక్కటే వస్తువు. 1989లో జపాన్‌లో తొనొమురా బృందం ఎలక్ట్రాన్లని ఒక్కొక్కటిగా వదిలి తెర మీద చూసింది, ఒక్కో ఎలక్ట్రాన్ ఒక్కో చుక్కగా పడుతుంది, సగం చుక్క ఎక్కడా పడదు, మొదట్లో చిందరవందరగా ఉంటాయి, వేలు దాటాక చారలు తేలతాయి, వ్యతికరణం (తరంగాలు కలిసి ఒకచోట బలపడి, ఒకచోట చెరిగిపోవడం) చారలు. పడేటప్పుడు కణం, ఎక్కడ పడే అవకాశం ఎంత అన్నది తరంగం లెక్క. ఒకసారి ఇది ఒకసారి అది అని వేషం మార్చడం కాదు. కాబట్టి స్వభావం అనే మాట కలిపి "ద్వంద్వ స్వభావం" అని రాసినన్నాళ్లూ ఇబ్బంది లేదు, వస్తువు ఒకటే, స్వభావమే రెండు రకాలు అని అర్థమవుతుంది. "ద్వంద్వ పదార్థం" అని మాత్రం ఎవరూ రాయకుండా చూడండి. ఇంకో మాట, వ్యాసంలో కాంతితో ఆపేశారా? 1924లో డీ బ్రాయ్ ద్రవ్యానికీ తరంగం ఉందన్నాడు, 1927లో డేవిసన్, జెర్మర్ నికెల్ స్ఫటికం మీదకి 54 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు వదిలితే 50 డిగ్రీల దగ్గర వివర్తనం (తరంగాలు చెదిరి కొన్ని దిక్కుల్లోనే బలపడటం) శిఖరం కనిపించింది. అది లేకుండా ద్వంద్వ స్వభావం అని హెడ్డింగ్ పెడితే సగమే చెప్పినట్టు.

పోస్టు పెట్టినవారు: ఉందండి, చివరి పేజీలో. ధన్యవాదాలు. ఇంకొక్క వాక్యం చూడండి, "కాంతి తీవ్రత పెంచిన కొద్దీ వెలువడే ఎలక్ట్రాన్ల శక్తి పెరుగును". ఇందులో పెరుగును తీసేసి పెరుగుతుంది అని మారుస్తున్నా, సరేనా?

జవాబు: క్రియ సంగతి తర్వాత, విషయమే తప్పండీ అది! లెనార్డ్ 1902లో చూసింది దీనికి అడ్డంగా ఉంది, తీవ్రత పెంచితే ఎలక్ట్రాన్ల సంఖ్య పెరిగింది, ఒక్కో ఎలక్ట్రాన్ గరిష్ఠ శక్తి పెరగలేదు. "శక్తి" కొట్టేసి "సంఖ్య" అని పెట్టండి, రచయితకి కూడా ఒక మాట చెప్పండి, ఆ తప్పు పటంలో కూడా దూరి ఉంటుంది.