చియాంగ్ మాయ్‌లో పసుపు తబియన్ బాన్: మా ఇల్లు ఏ రిజిస్ట్రేషన్ ఆఫీసు కిందకి వస్తుంది?

థాయ్‌లాండ్‌లో ఉంటున్న మనవాళ్ళెవరైనా కాస్త చెప్పండి. మేం ఉండేది చియాంగ్ మాయ్‌లో, సుథేప్ తంబోన్‌ (ఉపజిల్లా)లో అద్దె ఇంట్లో. విదేశీయులకిచ్చే పసుపు రంగు తబియన్ బాన్ (ఇంటి రిజిస్టర్ పుస్తకం) కోసం దరఖాస్తు చేయాలి. చిక్కల్లా ఎక్కడంటే, తంబోన్‌ని మన మండలంలా ఒకే ముక్క అనుకున్నాను. కాదట. సుథేప్‌లో కొంత భాగం నగర మునిసిపాలిటీ కింద, మిగతాది సుథేప్ స్థానిక మునిసిపాలిటీ కింద ఉన్నాయి. నగరం వైపు ఇళ్ళకు నగర రిజిస్ట్రేషన్ ఆఫీసు, అవతలి వైపు వాటికి ఆంఫో (జిల్లా) ఆఫీసు.

పిన్‌కోడ్ చూశాను. రెండు వైపులా 50200. గూగుల్ మ్యాప్‌లో తంబోన్ గీత కనబడుతుంది కానీ మునిసిపాలిటీ గీత కనబడదు. అద్దె ఒప్పందంలో ఇంటి నంబరు, తంబోన్ పేరు మాత్రమే ఉన్నాయి, 'మూ' (గ్రామం) నంబరు లేదు. నగర మునిసిపాలిటీలో కమ్నాన్ (తంబోన్ పెద్ద), ఫూ యాయ్ బాన్ (గ్రామపెద్ద) పదవులు ఉండవు కాబట్టి మూ రాయలేదంటే మేం నగరం వైపేనేమో అనిపించింది. కానీ పక్కింటి గేటు పలక మీద మూ నంబరు స్పష్టంగా ఉంది! వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక గోడే.

ఓనర్ ఊళ్ళో లేరు. ఆ ఇంటి నీలం పుస్తకం (థాయ్‌వాళ్ళకుండే తబియన్ బాన్) ఫోటో ఒకటి పంపారు. పై భాగం మసకగా వచ్చింది, 11 అంకెల ఇంటి కోడ్ మాత్రం చదవగలుగుతున్నాను.

ఆ 11 అంకెలను బట్టి ఇల్లు ఏ రిజిస్ట్రేషన్ ఆఫీసు పరిధిలో ఉందో ఎలా తెలుసుకోవాలి?