ట్యూటా రోమ్‌తో యుద్ధం కోరి తెచ్చుకుందా?

సందేహి: క్రీ.పూ. 229లో రోమ్ సైన్యం మొదటిసారి ఆడ్రియాటిక్ సముద్రం దాటి, అవతలి బాల్కన్ తీరంలో ఉండే ఇల్లిరియన్ల మీద పడింది. వాళ్ల రాణి ట్యూటా రోమ్ రాయబారిని చంపించడమే కారణమని చదివాను. ఒక రాణి అంత తెలివితక్కువ పని చేస్తుందా?

గోదారిగట్టు: చేసింది. ఇటలీ వర్తకుల్ని మీవాళ్లు దోచి చంపుతున్నారని రాయబారులు నిలదీస్తే, 'సముద్రం మీద జనం సంపాదించుకునేదానికి అడ్డుపడటం మా రాజుల ఆనవాయితీ కాదు' అంది. 'ఆ ఆనవాయితీ మేం మాన్పిస్తాం' అన్నాడు చిన్న రాయబారి. తిరుగు దారిలో అతన్ని చంపించింది. 200 ఓడలు ఊరికే వచ్చాయా?

పాతనాణెం: ఈ కథ చెప్పింది గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్. ఆయన అకయన్ కూటమి అనే గ్రీకు నగరాల జట్టువాడు. అదే 229లో పాక్సోస్ దీవి దగ్గర ఇల్లిరియన్లు తమ చిన్న పడవల్ని నాలుగేసి కలిపి కట్టి, కావాలనే అకయన్ ఓడలకు అడ్డంగా పెట్టారు. ఓడల ముక్కులు వాటిలో ఇరుక్కోగానే పైకి దూకారు. నాలుగు ఓడలు పట్టుకుని, ఒకటి ముంచేశారు. ఆ దెబ్బ తిన్నవాళ్ల మనిషి ట్యూటా గురించి మంచి రాస్తాడా? 'ఆడబుద్ధి' అని కూడా తగిలించాడు మహానుభావుడు! మరో చరిత్రకారుడు అప్పియన్ చెప్పే కథే వేరు. ఇస్సా ద్వీపంవాళ్లు రోమ్‌కి మొరపెట్టుకున్నారు. రాయబారులు వస్తుంటే ఇల్లిరియన్ పడవలు సముద్రం మీదే దాడి చేసి, ఇస్సా దూత క్లీంపోరస్‌నీ రోమన్ రాయబారి కొరుంకానియస్‌నీ చంపాయి. అప్పటికి ట్యూటా భర్త అగ్రాన్ బతికే ఉన్నాడు. ఇక ఆమెతో మాటామాటా పెరిగిందెక్కడ?

గోదారిగట్టు: అప్పియన్ మూడు వందల ఏళ్లకు పైగా తర్వాతివాడు బాబూ.

పాతనాణెం: ఒప్పుకుంటా. కానీ యుద్ధం ముగించిన 228 ఒప్పందం చూడండి. ఇల్లిరియన్లు లిస్సస్ రేవు దాటి దక్షిణానికి రెండు పడవలకు మించి పోకూడదు, అవీ ఆయుధాలు లేకుండా. రోమ్ కన్ను సముద్రం మీదే ఉంది. రాయబారి చావు సాకు.

గోదారిగట్టు: దోపిడీ ఆపడానికే కదా ఆ షరతు! నేను మొదట్నుంచీ అంటున్నది అదే.

సందేహి: ఆపారా మరి? ఆ యుద్ధంలో రోమ్ వైపు దూకి, ఇనాంగా రాజ్యం పొందిన ఫారోస్ దీవి దిమిత్రియస్సే తర్వాత 50 పడవలతో లిస్సస్ దాటి దీవులు దోచుకున్నాడు. 219లో రోమ్ మళ్లీ రావాల్సి వచ్చింది, ఈసారి తన మనిషి మీదికే.